విదేశాల్లో ఏటీఎం నుంచి డబ్బు తీస్తే బ్యాంకు కోత తగ్గించుకోవడం ఎలా? బెజవాడ, గుంటూరు ప్రయాణికులకు అంచెలంచెలుగా

థాయ్‌లాండ్ టూరుకు వెళ్ళేవాళ్ళు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు, ఉమ్రాకు బయలుదేరేవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే: "మన డెబిట్ కార్డు అక్కడ పనిచేస్తుందా? ఎంత కట్ చేస్తారు?" పనిచేస్తుంది. కట్ కూడా గట్టిగానే చేస్తారు. ఆ కోతలో ఎక్కువ భాగం తప్పించుకోవచ్చు గానీ, సగం పని విమానం ఎక్కకముందే చేసుకోవాలి. అక్కడ దిగాక ఫోన్‌లో వెతుక్కుంటే ఆ సగం చేజారినట్టే.

1. ముందు కోత ఎక్కడెక్కడ పడుతుందో చూడండి

విదేశీ ఏటీఎంలో ఒక్కసారి డబ్బు తీస్తే నాలుగు చోట్ల పోవచ్చు.

- మార్కప్: విదేశీ కరెన్సీని రూపాయల్లోకి మార్చినందుకు మన బ్యాంకు వేసుకునేది. చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. 3.5 శాతం కాస్తా 4.13 అవుతుంది.
- మన బ్యాంకు ఏటీఎం చార్జి: ఎంత తీసినా సరే, తీసిన ప్రతిసారీ సుమారు 100 నుంచి 150 రూపాయలు, జీఎస్టీ అదనం.
- అక్కడి ఏటీఎం వాళ్ళ ఫీజు: థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుకు 220 బాట్‌లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. అమెరికాలో సాధారణంగా 3 నుంచి 5 డాలర్లు.
- రూపాయల్లో లెక్క చూపించే మెలిక: దీని సంగతి 7వ అంచెలో వివరంగా ఉంది. నాలుగింటిలో ఇదే ఖరీదైనది. ఇదే పూర్తిగా అనవసరమైనది కూడా.

మొదటి రెండిటినీ ఇంట్లో ఉండగానే, సరైన కార్డు ఎంచుకోవడంతో ఆపాలి. తర్వాతి రెండిటినీ మెషీన్ ముందు ఆపాలి.

లెక్క వేసి చూద్దాం. బాట్ 2.70 రూపాయలు అనుకోండి. బ్యాంకాక్‌లో 10,000 రూపాయల విలువైన బాట్‌లు తీశారు. మార్కప్, జీఎస్టీ కలిపి 413. మన బ్యాంకు చార్జి 125 అయితే జీఎస్టీతో 147.50. అక్కడి మెషీన్ ఫీజు 220 బాట్‌లు, అంటే 594. ఆ ఫీజు కూడా బాట్‌లలోనే కనుక దాని మీదా మార్కప్ పడుతుంది, మరో 24 రూపాయలు. మొత్తం 1,179 రూపాయలు. పది వేలకు దాదాపు 12 శాతం!

అదే 40,000 ఒకేసారి తీస్తే మొత్తం కోత సుమారు 2,418. పదేసి వేల చొప్పున నాలుగుసార్లు తీస్తే 4,700 దాటుతుంది. కార్డు మార్చకుండా, ఎవరినీ బతిమాలకుండా, కేవలం ఒకేసారి తీయడం వల్ల 2,300 మిగిలాయి.

2. నోట్లు నిజంగా ఎంత కావాలో తేల్చుకోండి

తీయని డబ్బుకు ఫీజు ఉండదు. హోటల్, ఆ దేశం లోపల తిరిగే విమాన టికెట్లు, ఎంట్రీ టికెట్లు వీలైనంతవరకు ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి. అక్కడ మిగిలేది ట్యాక్సీ, రోడ్డు పక్క తిండి, సంతలో బేరాలు, టిప్పులు.

సింగపూర్, దుబాయ్‌లలో మాల్స్, మెట్రో, పెద్ద రెస్టారెంట్లు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. థాయ్‌లాండ్ సంతల్లో, చిన్న హోటళ్ళలో నోట్లు తప్పనిసరి. అమెరికాలో పిల్లల ఇంట్లో దిగే పెద్దవాళ్ళకు నిజం చెప్పాలంటే చిల్లర ఖర్చులకు తప్ప పెద్దగా అక్కర్లేదు. అయినా వేల డాలర్లు మోసుకెళ్ళి, ఆర్నెల్ల తర్వాత సగం వెనక్కి తెచ్చేవాళ్ళే ఎక్కువ.

మన యూపీఐ కూడా సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్, ఫ్రాన్స్‌లలో కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపుల ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్ళొద్దు. నేపాల్, భూటాన్‌లకు విదేశీ మారకం ఇవ్వరు. అక్కడ రూపాయలతోనే పని.

3. కార్డు ఎంచుకోవడం

ఇక్కడ తొందర పడకండి. కొత్త కార్డు ఇంటికి రావడానికి, కేవైసీ పూర్తి కావడానికి టైం పడుతుంది. కనీసం నెల ముందు మొదలుపెట్టండి.

జీరో మార్కప్ డెబిట్ కార్డు: మార్కప్ అసలు వేయని కార్డులు కొన్ని బ్యాంకులు, బ్యాంకులతో కలిసి పనిచేసే యాప్‌లు ఇస్తున్నాయి. నియో గ్లోబల్ అలాంటిదే. నోట్లు తీయాల్సినవాళ్ళకు నా దృష్టిలో ఇదే మొదటి ఎంపిక. అయితే "జీరో మార్కప్" అన్నంత మాత్రాన ఏటీఎం చార్జి కూడా జీరో అనుకోవద్దు. రెండూ వేర్వేరు. చార్జీల పట్టికలో రెండు వరుసలూ చదవండి.

ఫారెక్స్ కార్డు: ముందుగా డాలర్లో బాట్‌లో నింపుకుని వెళ్ళే కార్డు. రేటు నింపిన రోజే ఖరారవుతుంది, తర్వాత రూపాయి పడిపోయినా బెంగ లేదు. కానీ ఏటీఎంలో తీస్తే చాలా కార్డులకు ఒక్కోసారి 2 డాలర్ల వరకు ఫీజు ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. డాలర్లు నింపి థాయ్‌లాండ్‌లో బాట్‌లు తీస్తే, ఒక కరెన్సీ నుంచి ఇంకో కరెన్సీకి మార్చినందుకు మళ్ళీ 2 నుంచి 3.5 శాతం పోతుంది. కాబట్టి వెళ్ళే దేశపు కరెన్సీ ఆ కార్డులో ఉందో లేదో చూసి, ఉంటే ఆ కరెన్సీలోనే నింపండి. లేకపోతే ఫారెక్స్ కార్డు వల్ల ఒరిగేదేమీ లేదు.

మామూలు డెబిట్ కార్డు: రెండో కార్డుగా, ఆపద కోసం దగ్గర పెట్టుకోండి. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ అయితే మేలు. రూపే అయితే అది అంతర్జాతీయ కార్డో, దేశంలో మాత్రమే నడిచేదో చూసుకోండి. వెనక డిస్కవర్, డైనర్స్ (విదేశాల్లో రూపే నడిచే నెట్‌వర్కులు) గుర్తులు లేని రూపే కార్డును నమ్ముకుని విమానం ఎక్కొద్దు.

క్రెడిట్ కార్డు: దుకాణంలో గీకడానికి సరే. ఏటీఎంలో మాత్రం పెట్టొద్దు. క్యాష్ అడ్వాన్స్ ఫీజు సాధారణంగా 2.5 శాతం లేదా 500 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. పైగా తీసిన రోజు నుంచే వడ్డీ, నెలకు 3 శాతం పైమాటే. కొనుగోళ్ళకు ఉండే వడ్డీ లేని గడువు దీనికి వర్తించదు. మార్కప్ ఎలాగూ ఉంది.

డెబిట్ కార్డుతో అక్కడ తీసినదీ, ఫారెక్స్ కార్డులో నింపినదీ, ఇక్కడ కొన్న నోట్లూ అన్నీ మీ పాన్ మీద ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు తీసుకెళ్ళడానికి, పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) లెక్కలోకి వస్తాయి. ఏడాదికి 2,50,000 డాలర్లు పరిమితి. ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 10 లక్షలు దాటితే ఆపై ఉన్న మొత్తానికి టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది.

4. కొన్ని నోట్లు ఇక్కడే కొనుక్కోండి

దిగగానే ట్యాక్సీకి, మొదటి రెండు రోజుల ఖర్చుకు సరిపడా నోట్లు చేతిలో ఉంటే విమానాశ్రయంలో మొదట కనిపించిన ఏటీఎం ముందు నిలబడే గతి పట్టదు. బందర్ రోడ్డు మీదయినా బ్రాడీపేటలో అయినా, మీ ఖాతా ఉన్న ప్రతి బ్రాంచిలో ఫారెక్స్ పని జరగదు. ముందు ఫోన్ చేసి కనుక్కోండి. బ్యాంకు కాకపోతే రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గరే కొనండి, రసీదు తీసుకోండి.

"జీరో కమిషన్" బోర్డు చూసి సంబరపడొద్దు. కమిషన్ రేటులోనే కలిసి ఉంటుంది. మార్కెట్ రేటు 90 రూపాయలు అనుకోండి. అతను 91.50కి ఇస్తుంటే మీరు 1.67 శాతం కట్టినట్టే. ఒకే ప్రశ్న వేయండి: "అన్నీ కలిపి 500 డాలర్లకు నేను మొత్తం ఎంత కట్టాలి?" అదే ప్రశ్న రెండు మూడు చోట్ల, అదే రోజు వేయండి. చివరి అంకె ఎవరిది తక్కువైతే వాళ్ళ దగ్గర కొనండి. జీఎస్టీ ఇందులో పెద్ద భారం కాదు, లక్ష రూపాయల మారకానికి 180 రూపాయలు, కనీసం 45.

శంషాబాద్ విమానాశ్రయంలో కొనుక్కుందాంలే అనుకుంటే బేరానికి టైమూ ఉండదు, రేటూ ఉండదు.

తీసుకెళ్ళాల్సినవి: పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు. 50,000 దాటితే నగదుగా తీసుకోరు, ఖాతా నుంచి పంపాలి. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే తీసుకెళ్ళనిస్తారు. మన రూపాయలు 25,000 వరకు వెంట ఉండొచ్చు, తిరిగొచ్చాక ఇంటికి చేరడానికి ఉపయోగం.

బాట్‌లు అందరి దగ్గరా అన్నివేళలా దొరకవు. దొరక్కపోతే మాసిపోని, మడత నలగని 100 డాలర్ల నోట్లు తీసుకెళ్ళండి. బ్యాంకాక్ ఊళ్ళోని మనీ ఛేంజర్లు పెద్ద నోట్లకు చిన్న నోట్ల కంటే మంచి రేటు ఇస్తారు. రూపాయలు తీసుకెళ్ళి అక్కడ మార్చడం మాత్రం నష్టమే.

ఒక మాట పెద్దవాళ్ళకు: డాలర్ల కవరు ఆవకాయ సీసాల మధ్య దాచి చెక్-ఇన్ బ్యాగులో వేయకండి. నోట్లూ కార్డులూ చేతి సంచిలోనే ఉండాలి.

5. బయలుదేరే వారం ముందు

2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కొత్త కార్డులు దేశంలో వాడుకకే ఆన్ అయి వస్తాయి. విదేశీ వాడుక మీరే ఆన్ చేయాలి. ఏటీఎంకు వేరు, దుకాణానికి వేరు, ఆన్‌లైన్‌కు వేరు స్విచ్‌లు. చాలామంది దుకాణం స్విచ్ ఆన్ చేసి ఏటీఎం స్విచ్ మర్చిపోతారు.

చెక్‌లిస్టు:

- యాప్‌లో అంతర్జాతీయ ఏటీఎం వాడుక ఆన్ చేశారా?
- రోజువారీ విదేశీ ఏటీఎం పరిమితి మీరు ఒకేసారి తీయదలిచిన మొత్తం కంటే ఎక్కువ ఉందా? ఫీజుకు కూడా కాస్త జాగా వదలండి.
- కార్డు గడువు తేదీ ప్రయాణం దాటి ఉందా?
- పిన్ ఇక్కడి ఏటీఎంలో ఒకసారి కొట్టి చూశారా? ఫారెక్స్ కార్డు పిన్ వేరుగా ఉంటుంది.
- ఇండియా సిమ్‌కు రోమింగ్ ఆన్ అయిందా? ఏటీఎంలో పిన్ చాలు గానీ, యాప్‌లో పరిమితి మార్చాలన్నా, కార్డు బ్లాక్ చేయాలన్నా ఓటీపీ కావాలి.
- విదేశం నుంచి చేయగలిగే బ్యాంకు నంబరు, ప్లస్ 91తో మొదలయ్యేది, ఫోన్‌లోనూ కాగితం మీదా రాసుకున్నారా? 1800 నంబర్లు చాలాచోట్ల బయటి నుంచి కలవవు.
- రెండు కార్డులు, రెండు వేర్వేరు ఖాతాల మీద, ఇద్దరి దగ్గర విడివిడిగా ఉన్నాయా?

ప్రయాణపు కార్డు ఉన్న ఖాతాలో జీవితకాలపు పొదుపంతా ఉంచొద్దు. కావలసినంత వేసుకుని, తగ్గినప్పుడు ఇంకో ఖాతా నుంచి మార్చుకోండి.

6. ఏ మెషీన్ దగ్గరికి వెళ్ళాలి?

బ్యాంకు బ్రాంచికి ఆనుకుని ఉన్నది, అదీ బ్రాంచి తెరిచి ఉన్న వేళలో. కార్డు మింగితే లోపలికి వెళ్ళి అడగొచ్చు. పర్యాటక కూడళ్ళలో, చిన్న కిరాణా షాపుల్లో, హోటల్ లాబీల్లో నిలబెట్టిన ప్రైవేటు మెషీన్ల జోలికి పోవద్దు. ఫీజూ ఎక్కువ, రూపాయల మెలికా ఎక్కువ.

ఏటీఎం ఫీజు దేశాన్ని బట్టే కాదు, బ్యాంకును బట్టీ మారుతుంది. అమెరికాలో మీ అబ్బాయి ఏ బ్యాంకులో ఖాతా పెట్టాడన్నది మీ కార్డుకు సంబంధం లేని విషయం. మెషీన్ సొంతదారు ఫీజు తెర మీద చూపించి, ఒప్పుకుంటారా అని అడుగుతాడు. నచ్చకపోతే రద్దు కొట్టి పక్క బ్యాంకుకు వెళ్ళండి. ఒప్పుకోకుండా బయటికొస్తే ఆ ఫీజు పడదు.

7. మెషీన్ ముందు, వరసగా

1. కార్డు దూర్చే చోటు, కీబోర్డు కాస్త కదిపి చూడండి. వదులుగా ఉంటే వద్దు. పిన్ కొడుతూ రెండో చెయ్యి అడ్డం పెట్టండి.

2. భాష ఇంగ్లిష్ ఎంచుకోండి. కొన్ని మెషీన్లు ఆరంకెల పిన్‌కు జాగా చూపిస్తాయి. మీ నాలుగంకెలు కొట్టి ఎంటర్ నొక్కండి.

3. ఏ ఖాతా అని అడిగితే సేవింగ్స్. ఒప్పుకోకపోతే ఇంకోసారి చెకింగ్ నొక్కి చూడండి. ఫారెక్స్ కార్డుకు కొన్నిచోట్ల క్రెడిట్ అని నొక్కితేనే వస్తుంది. అది అప్పు కాదు, కంగారు పడొద్దు.

4. మొత్తం అంకె మీరే వేయండి, పరిమితికి దగ్గరగా. తెర మీద సిద్ధంగా చూపించే చిన్న అంకెలు నొక్కితే ఫీజు శాతం పెరుగుతుంది.

5. ఇక అసలు తెర. "మీ సౌకర్యం కోసం" అంటూ మీరు తీస్తున్న బాట్‌లకు ఎన్ని రూపాయలో చూపిస్తుంది. రేటు ఖరారు అంటుంది. చూడగానే హాయిగా ఉంటుంది, మనకు తెలిసిన రూపాయలు కదా! ఒప్పుకుంటే ఆ మెషీన్ వాడి రేటుతో మారుస్తారు. అది మార్కెట్ రేటు కంటే ఎంతో అధ్వానంగా ఉంటుంది. 40,000 మీద 6 శాతం తేడా ఉన్నా 2,400 రూపాయలు గాలికి పోయినట్టే. జీరో మార్కప్ కార్డు తెచ్చుకున్న కష్టమంతా ఈ ఒక్క బటన్‌తో వృథా.

నొక్కాల్సింది "డిక్లైన్ కన్వర్షన్" లేదా "కంటిన్యూ వితౌట్ కన్వర్షన్". ఇక్కడే చాలామంది భయపడేది: డిక్లైన్ అంటే డబ్బు రాదేమోనని. వస్తుంది. మీరు వద్దంటున్నది మార్పిడిని, డబ్బును కాదు. కొన్ని మెషీన్లు "ఖాయమేనా, నష్టపోతారు" అన్నట్టు రెండోసారి కూడా అడుగుతాయి. రెండోసారీ వద్దనే చెప్పండి. ఆకుపచ్చ బటన్ ఎక్కువగా మార్పిడికి ఒప్పుకునే వైపే పెడతారు, రంగు చూసి నొక్కకండి.

దుకాణంలో కార్డు గీకినప్పుడూ ఇదే మెలిక వస్తుంది. రూపాయలా, అక్కడి కరెన్సీయా అంటే అక్కడి కరెన్సీయే. అడగకుండా రూపాయల్లో బిల్లు వేసేస్తే సంతకం పెట్టకుండా రద్దు చేయించి మళ్ళీ వేయమనండి.

6. నోట్లు, కార్డు, స్లిప్పు మూడూ తీసుకుని కదలండి. కొన్ని దేశాల్లో నోట్లు ముందు వచ్చి కార్డు తర్వాత వస్తుంది. నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు వదిలేసి వచ్చేవాళ్ళు ఉన్నారు.

8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

బ్యాలెన్సు చూసుకోవడానికి ఏటీఎంలో పెట్టడం: చాలా బ్యాంకులు దానికీ 25 రూపాయల దాకా వేస్తాయి. యాప్‌లో చూసుకోండి.

"ట్రాన్సాక్షన్ డిక్లైన్డ్" అని రాగానే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం: ఖాతాలో డబ్బు చాలక తిరస్కరిస్తే దానికీ చార్జి ఉండొచ్చు. మూడుసార్లు పిన్ తప్పు కొడితే కార్డు లాక్ అవుతుంది. ఆగి, యాప్‌లో స్విచ్, పరిమితి, బ్యాలెన్సు వరుసగా చూడండి. అన్నీ బాగుంటే అంకె తగ్గించి వేరే బ్యాంకు మెషీన్‌లో చూడండి. ఆ మెషీన్‌కే ఒక విడతలో పరిమితి ఉండొచ్చు.

చదువుకు వెళ్ళిన పిల్లలు నెలల తరబడి ఇక్కడి కార్డుతోనే డబ్బు తీయడం: అక్కడ ఖాతా తెరిచే వరకే ఫారెక్స్ కార్డు. ఖాతా తెరిచాక ఇక్కడి నుంచి పంపడమే చవక.

9. ఖాతాలో కట్ అయింది, మెషీన్ డబ్బు ఇవ్వలేదు

స్లిప్పు పారేయకండి. మెషీన్ నంబరు, బ్యాంకు పేరు, అక్కడి టైము ఫోటో తీసుకోండి. ఫిర్యాదు అక్కడి బ్యాంకుకు కాదు, కార్డు ఇచ్చిన మన బ్యాంకుకే, అదే రోజు, యాప్‌లో రాతపూర్వకంగా. నంబరు తీసుకోండి. దేశంలో ఏటీఎం ఫెయిలైతే ఐదు రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు అనే నియమం ఉంది కదా, అది విదేశీ లావాదేవీలకు వర్తించదు. ఇక్కడ కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) ద్వారా వివాదం నడవాలి, ఓపిక కావాలి.

మీరు తీయని డబ్బు పోతే వెంటనే కార్డు బ్లాక్ చేయండి. బ్యాంకు తప్పో మీ తప్పో కాకుండా మధ్యలో ఎక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లోపు తెలియజేసినప్పుడు మీ బాధ్యత సున్నా అని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోయినా, చెప్పిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఆ సమాచారానికి ఫోన్ 14448.

10. తిరిగొచ్చాక

చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు, అక్కడి విమానాశ్రయంలోనే ఖర్చు పెట్టేయండి. మిగిలిన నోట్లలో 2,000 డాలర్ల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. ఆపైన ఉన్నది వచ్చిన 180 రోజుల్లోపు అమ్మేయాలి. ఏడాది లోపల మళ్ళీ వెళ్ళేట్టుంటే ఆ 2,000 లోపు నోట్లు ఉంచుకోండి, అమ్మేటప్పుడు కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య తేడా మళ్ళీ మీ జేబులోంచే పోతుంది.

ఫారెక్స్ కార్డులో మిగిలింది అలాగే వదిలేస్తే కొన్ని కార్డులకు వాడకం లేదని ఫీజు కోస్తారు. ఖాళీ చేసుకోండి.

స్టేట్‌మెంటు తెరిచి ప్రతి డ్రాకు పడిన కోతలు స్లిప్పులతో సరిచూడండి. జీరో మార్కప్ అని ఇచ్చిన కార్డు మీద మార్కప్ పడిందంటే మెషీన్ దగ్గర రూపాయలకు ఒప్పుకున్నారేమో స్లిప్పులో కనిపిస్తుంది. ఒప్పుకోకుండానే పడితే బ్యాంకును అడగండి. ఆ రోజే యాప్‌లో మూడు విదేశీ స్విచ్‌లూ ఆఫ్ చేసేయండి.